కనిపించని లంకె

ఉద్దేశం: ఉన్న పట్టాలపైనే ఎక్కువ రైళ్ళను నడపాలనే నూతన ఆలోచనను, అందులోని సాధకబాధకాలను విద్యార్థులకు తెలియజేయడం.

రోడ్డుపై వాహనాలు కొద్ది బారల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి సాగిపోతుంటాయి. రైళ్ళు మాత్రం కిలోమీటర్ల ఎడం పాటిస్తాయి. ఉక్కుపట్టాపై ఉక్కుచక్రం స్వల్పఘర్షణతో దొర్లుతుంది కనుకనే ఒక్క ఇంజను వేల టన్నుల బరువును లాగగలుగుతోంది. అయితే లాగడానికి అనుకూలించే ఆ గుణమే ఆపడానికి ప్రతికూలమవుతుంది. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సెకనుకు 40 మీటర్లు సాగుతుంది. బ్రేకు వేశాక ఆ వేగం ప్రతి సెకనుకు 0.8 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, రైలు ఆగేసరికి ఒక కిలోమీటరు గడిచిపోతుంది.

పూర్వం బ్రిటన్‌లో ఒక రైలు వెళ్ళిన కొన్ని నిమిషాలకు మరొక రైలును పంపే పద్ధతి ఉండేది. ముందు రైలు దారిలో ఆగిపోతే వెనుక రైలుకు ఆ సంగతి తెలిసేది కాదు. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా సమీపంలో ఒక విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోయింది. సిబ్బంది దానిని రెండుగా విడదీయగా, వెనుక పెట్టెలు పల్లానికి జారి, వస్తున్న మరొక రైలును ఢీకొన్నాయి. సుమారు 80 మంది మరణించారు. వారిలో ఎందరో పసివారు. ఆ సంవత్సరమే బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి, ప్రయాణికుల మార్గాలలో బ్లాకు విధానాన్ని తప్పనిసరి చేసింది. మార్గాన్ని భాగాలుగా విభజించి, ఒక భాగంలో ఒకే రైలును అనుమతించడం ఈ విధానానికి మూలసూత్రం.

ఈ పద్ధతిలో భద్రత ఉన్నా, మార్గం వృథా అవుతుంది. రైలు చివరిపెట్టె బ్లాకును దాటేవరకు ఆ భాగమంతా మూసివేసినట్లే. ఈ లోపాన్ని తొలగించడానికి కదిలే బ్లాకు పుట్టింది. రైలు తన స్థానాన్ని రేడియో ద్వారా నిరంతరం తెలియజేస్తుంది. దానితోపాటే రక్షణవలయమూ కదులుతుంది. లండనులోని డాక్‌లాండ్స్ రైల్వేలో 1990లలోనే ఇది అమలులోకి వచ్చింది. 2017లో ప్రారంభమైన హైదరాబాద్ మెట్రోలో సైతం రేడియో సంకేతాలతోనే రైళ్ళను నియంత్రిస్తున్నారు.

కదిలే బ్లాకు కూడా ముందు రైలును ఒక గోడగానే భావించి, పూర్తిగా ఆగడానికి కావలసిన దూరాన్ని విడిచిపెడుతుంది. నిజానికి ముందు రైలు ఆగడానికీ అంత దూరమూ కావాలి కదా! అది బ్రేకు వేసిన క్షణమే ఆ వార్త వెనుక రైలుకు అందితే, రెండూ కలిసే నెమ్మదిస్తాయి. రెండింటి వేగమూ, బ్రేకుల శక్తీ సమానమై, వార్త అంది బ్రేకు పడడానికి రెండు సెకన్లు పడితే, పై లెక్క ప్రకారం 80 మీటర్ల ఎడమూ, దానిపై కొంత రక్షణదూరమూ చాలును. ఇనుప కొక్కెం లేకుండా రేడియో మాటతోనే రైళ్ళను జోడించే ఈ పద్ధతిని ఇంజనీర్లు వర్చువల్ కప్లింగ్ అంటారు. ఐరోపాలో 2014లో ఏర్పడిన షిఫ్ట్‌టురైల్ సంస్థ దీనిపై పరిశోధనలు జరిపించింది.

అయితే చిక్కులు లేకపోలేదు. ముందు రైలు పట్టాలు తప్పితే, అది నిజంగానే గోడవలె హఠాత్తుగా నిలిచిపోవచ్చు. రైళ్ళన్నింటి బ్రేకులూ ఒకే తీరున పనిచేయవు. రెండు రైళ్ళు వేర్వేరు దారులు పట్టవలసినచోట, పాయింటు మారి బిగుసుకొనేవరకు వెనుక రైలు వేచి ఉండాలి. ప్లాట్‌ఫారాలు పెరగకపోతే, మార్గంలో ఆదా అయిన సమయం స్టేషను బయట నిరీక్షణలో ఖర్చవుతుంది.

రైళ్ళ మధ్య ఎడం తగ్గేకొద్దీ పొరపాటుకు చోటు తగ్గుతుంది. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద, ఆటోమేటిక్ సిగ్నళ్ళున్న మార్గంలోనే పలాస పాసింజరును వెనుక నుండి రాయగడ పాసింజరు ఢీకొనగా పలువురు అసువులు బాశారు. డ్రైవరు ఎర్రసిగ్నలును దాటబోతే తనంతట తానే బ్రేకు వేసే కవచ్ వ్యవస్థను భారతీయ రైల్వే 2020లో జాతీయ రక్షణవ్యవస్థగా స్వీకరించింది. సికింద్రాబాదు కేంద్రంగా గల దక్షిణమధ్య రైల్వేలోనే దానిని తొలుత నెలకొల్పారు. ఇట్టి రక్షణ ప్రతి మార్గానికీ, ప్రతి ఇంజనుకూ సమకూరిన తరువాతనే, రైళ్ళను దగ్గర చేసే ప్రయత్నం శ్రేయస్కరమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు
ఎడం = మధ్యదూరం
లంకె = కలిపే ముడి
అసువులు = ప్రాణాలు
శ్రేయస్కరం = మేలు కలిగించేది

ప్రశ్నలు
1. కదిలే బ్లాకుకూ, వర్చువల్ కప్లింగుకూ గల భేదాన్ని వివరించండి.
2. ఆర్మా ప్రమాదం వలన రైల్వేలలో వచ్చిన మార్పు ఏమిటి?
3. రైళ్ళను దగ్గరగా నడపడంలోని చిక్కులను తెలపండి.