స్లాబ్ ఆరినాక సెంట్రింగ్ ఎందుకు?

పోయిన సెలవుల్లో కెలవరపల్లిలో మా మామ ఇంటికి స్లాబ్ వేసినారు. మూడు వారాలకి మేస్త్రీ గుంజలూ పలకలూ ఊడదీసి బండికెత్తుకుని పోయె. సెంట్రింగ్‌తో సహా ఎవరైనా కాపురం పెడతారా? నేను పెట్టినాను!

మన శాఖ కోసం హోసూరు తెలుగు మాటల కోశం ఒకటి గో భాషలో రాస్తున్నా. గో కోడును కంపైలర్ ఒకే బైనరీ ఫైలుగా మారుస్తుంది. ఆపైన కంపైలర్‌తో పని లేదు. నేనేమో దాన్ని కూడా కంటైనర్ ఇమేజ్‌లో వేసి కట్టేసినాను. (ఇమేజ్ అంటే ఇక్కడ బొమ్మ కాదు, ప్రోగ్రామునీ, అది నడవడానికి కావలసినవాటినీ కలిపి కట్టిన మూట.) మూట 800 ఎంబీ దాటింది. ఫోన్ హాట్‌స్పాట్‌తో పంపబోతే ఆనాటి డేటా అంతా హరీ!

2017లో వచ్చిన డాకర్ 17.05 నుంచి దీనికి దారుంది. ఒకే డాకర్‌ఫైల్‌లో రెండు 'ఫ్రమ్' వరుసలు రాయాలి. మొదటి దశలో గో ఇమేజ్ తీసుకుని కంపైల్ చేస్తాం. రెండోది 'స్క్రాచ్', అంటే ఉత్త ఖాళీ. అందులోకి 'కాపీ' వరుసతో బైనరీ ఒక్కటే తెచ్చుకుంటాం. నా మూట 12 ఎంబీకి దిగింది.

అయినా నడవలా. ఫైలు కళ్లెదుటే ఉంటే 'అలాంటి ఫైలు లేదు' అంటుంది! రెండు రాత్రులు తల పట్టుకున్నా. లేనిది నా ఫైలు కాదు, దాన్ని నడిపించే సీ లైబ్రరీ లోడర్. నెట్ ప్యాకేజీ వాడినందున బైనరీ దాని మీద ఆధారపడింది. 'సీజీఓ_ఎనేబుల్డ్=0' అని పెట్టి మళ్లీ కంపైల్ చేస్తే నడిచింది.

కోశంలో ఇంకా మాటలు తక్కువే. మీ అవ్వల నోటి మాటలు రాసి తెచ్చివ్వండి.