జొన్న చేలో స్టైలో: చల్క నేలల పంట మార్పిడిలో బహువార్షిక పశుగ్రాసం



దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీద పోతే హయత్‌నగర్ వస్తుంది. కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ 'క్రీడా' వారి క్షేత్రం ఒకటి అక్కడ ఉంది. 1985లో ఏర్పడిన ఈ సంస్థ ఆఫీసు సంతోష్‌నగర్‌లో, అంటే దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోనే. హయత్‌నగర్‌ది ఎర్ర చల్క, వాన ఏడాదికి సుమారు 750 మి.మీ. మనలో చాలామంది మెట్ట రైతుల భూమి అలాంటిదే. ఇలాంటి నేలలో రెండు మూడేళ్లు స్టైలో ఉంచి, ఆ తర్వాత మళ్లీ ధాన్యం పంట వేసే పద్ధతి మీద క్రీడా శాస్త్రవేత్తలు పని చేశారు.

"రెండేళ్లు గింజ వదులుకుని గడ్డి పెంచుకోవాలా?" అని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. అందుకే భూమి మొత్తం పెట్టమనడం లేదు. నాలుగెకరాలు ఉంటే ఒక ఎకరం చాలు. మూడేళ్లయ్యాక అది జొన్నకు, ఇంకో ఎకరం స్టైలోకు.

చల్కకు ఉన్న జబ్బు ఏమిటంటే, గట్టి వాన పడి ఎండ కాస్తే పైన పొర కడుతుంది. తర్వాతి వాన లోపలికి దిగక పారిపోతుంది. స్టైలో ఉన్న మడిలో నేల ఏడాది పొడుగునా కప్పి ఉంటుంది, దున్నకం ఉండదు, వేర్లు దారులు చేస్తాయి. పప్పుజాతి కాబట్టి బుడిపెల్లో నత్రజని కూడా పడుతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1980ల చివర్లో స్టైలో, అంజన్ గడ్డి, బహువార్షిక కంది వేసి చూసినప్పుడు కూడా పారిపోయే నీరు తగ్గింది.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. నాగోలు, ఉప్పల్ దిగువన మూసీ వెంట పారాగడ్డి మళ్లు చూసే ఉంటారు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోస్తూనే ఉంటారు, మేతంతా నగరంలోని బర్రెలకు పోతుంది. మోపులు బయటికి పోయినా ఆ నేల చిక్కిపోదు, ఎందుకంటే మురుగునీటితో పోషకాలు వస్తూనే ఉంటాయి. మన చల్కకు మూసీ లేదు. కోసిన స్టైలో అంతా అమ్మేస్తే నత్రజని, భాస్వరం, పొటాష్ బండెక్కి పోయినట్టే. పేడ, మూత్రం అదే మడికి తిరిగి రావాలి. ఎకరాకు 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ కావాలి. పేడకు ఆవు కావాలి, ఆవుకు ఎండాకాలం కూడా మేత కావాలి. వరిని హార్వెస్టర్‌తో కోయించి, జొన్న మానేసిన ఊళ్లలో చొప్ప దొరకడమే కష్టంగా ఉంది కదా!

ఇక విత్తే పద్ధతి. గొర్రుతో వరసల్లో వేస్తే ఎకరాకు రెండున్నర కిలోలు, వెదజల్లితే నాలుగు కిలోలు. స్టైలో గింజ పెంకు గట్టిది, అలాగే వేస్తే సరిగా మొలవదు. 80 డిగ్రీల వేడి నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, తీసి రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. థర్మామీటర్ లేకపోతే, మూడు చెంబుల మరిగే నీళ్లకు ఒక చెంబు మామూలు నీళ్లు కలపండి, దాదాపు సరిపోతుంది. పొద్దున బీజామృతం పట్టించి నీడన ఆరబెట్టాలి. లోతు సెంటీమీటరు మించకూడదు.

మొదటి ఏడు కూడా గింజ కావాలంటే ముందు జొన్న వేసి, మూడు నాలుగు వారాలకు కలుపు తీసి సాళ్ల మధ్య స్టైలో వేయండి. మొదట్లో చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పోయిందనుకుని దున్నేయకండి. విడిగా వేస్తే సుమారు 75 రోజులకు, పూత దశలో మొదటి కోత. మొదలంటా కోయకుండా జానెడు వదలాలి. సీజన్ చివర కొంత గింజ రాలనిస్తే తనంతట తానే మళ్లీ మొలుస్తుంది.

మూడో ఏడు అయ్యాక తొలకరికి దున్ని, మూడు వారాలు ఆగి జొన్న గానీ సజ్జ గానీ వేయండి. దాచిన నత్రజనిని వాడుకునేది అవే. అక్కడ వెంటనే పెసర, కంది వేయడం నా లెక్కలో దండగ. స్టైలోతో అంజన్ గడ్డి కలిపి వేసి ఉంటే ఆ వేర్లు కుళ్లేదాకా జొన్న కొంచెం పసుపు పడొచ్చు, ఘనజీవామృతం ఎక్కువ వేసుకోవాలి. రాలిన స్టైలో గింజ జొన్నలో మొలుస్తుంది, గుంటక తోలితే సరి.

కోతలయ్యాక ఊళ్లో పశువుల్ని విడిచిపెడతారు. చుట్టూ ఎండిపోయి మీ మడి ఒక్కటే పచ్చగా ఉంటే అన్నీ అక్కడికే వస్తాయి. కాబట్టి మొదటి ఎకరం కొట్టం పక్కదే ఎంచుకోండి, ముందు కంచె వేసి తర్వాత విత్తనం కొనండి.