అరుదైన కంటి కేన్సరు – నూతనౌషధ పరీక్ష

కంటి నడిమిపొరయందు అరుదుగా బుట్టు కేన్సరొకటి కలదు. అది వ్యాపించినచో తఱచుగా కాలేయమును జేరును. అంతట చికిత్స మిగుల కష్టము. టెబెంటాఫస్ప్ అను మందు ఒక కొనతో కేన్సరు కణమును, మఱియొక కొనతో రక్తమందలి రక్షక కణమును బట్టి దగ్గఱ జేర్చును. అప్పుడు రక్షక కణము శత్రువును సంహరించును.

ఇది నిజముగా మేలుచేయునా? అది తెలియుటకై 378 మంది రోగులను చీట్లు వేసినట్లు విభజించి, 252 మందికి ఈ మందును, 126 మందికి వైద్యులెన్నుకొనిన యితర చికిత్సను ఇచ్చిరి. ఏడాదికి మొదటివారిలో నూటికి 73 మందియు, రెండవవారిలో 59 మందియు జీవించియుండిరి. ఈ ఫలితము 2021లో ప్రకటింపబడెను. 2022లో అమెరికాలో అనుమతి లభించెను.

అయినను ఇది ఒకానొక వంశపారంపర్య కణలక్షణము గలవారికే పనికివచ్చును. సంపూర్ణ స్వస్థతయు గాదు. పోల్చిచూడక యే మందును నమ్మరాదని మనము నేర్చుకొందము. ఫలితమెఱుగకయే పరీక్షకు సమ్మతించిన రోగులను ప్రార్థనయందు కృతజ్ఞతతో స్మరింతము.