గుడ్డు పెట్టని పెరటికోడి

పల్లెల నుండి పట్టణమునకు కాపురము వచ్చిన కుటుంబములు కొన్ని తమ పెరటికోళ్లను కూడ వెంట తెచ్చుకొనుట కద్దు. హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగర్ ప్రాంతములు ఒకదాని నొకటి ఆనుకొని యున్నవి. పాత పెంకుటిండ్లు చాలవరకు పోయి వాటి స్థానమున అంతస్తుల భవనములు లేచినవి. అయినను సందుల లోపల పెరడు మిగిలిన ఇండ్లు అక్కడక్కడ కలవు. ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుటకై జిల్లాల నుండి వచ్చి అశోకనగర్‌లో గదులు తీసికొన్న యువతీయువకులకు తెల్లవారుజామున ఆ పెరళ్ల కోడికూత ఊరిని గుర్తుచేయును. పుస్తకము ముందు కూర్చొనవలసిన వేళను కూడ గుర్తుచేయును.

చిక్కడపల్లిలో అట్టి ఒక ఇంట జరిగిన విషయము పల్లెలలోని గృహిణులకు పనికివచ్చునది. ఆ ఇంటి పెట్ట యొకటి వేసవిలో రెండు దినములు గంపలో నుండి లేవలేదు. పొదుగుటకు కూర్చున్నదని ఇంటివారు తలచిరి. క్రిందటి ఏడు ఇట్లే కూర్చున్న మరియొక పెట్ట మూడవనాడు చచ్చెను. అప్పుడు దిష్టి తగిలినదనుకొని ఊరకుండిరి. ఈ పర్యాయము ఊరి నుండి వచ్చియున్న అత్తగారు గంపలో చేయిపెట్టి చూచినారు. పెట్ట చేతిని పొడవలేదు. “ఇది పొదుగు కాదమ్మాయీ, దీనికి గుడ్డు అడ్డుపడినది” అని ఆమె చెప్పగా, వెంటనే నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు కొనిపోయిరి. సాయంకాలమునకు గుడ్డు బయటపడినది. దాని పెంకు కాగితమువలె పలుచగా నుండెను.

పొదుగుటకు కూర్చున్న పెట్టకును, గుడ్డు అడ్డుపడిన పెట్టకును భేదము తెలియకపోవుట వలననే అనేక పెట్టలు నష్టమగుచున్నవి. రెండును గంప విడువవు. కాని పొదుగు పెట్ట ఈకలు ఉబ్బించి, కురకుర శబ్దము చేయుచు, చేయి చాపినచో పొడుచును. దినమునకు ఒకటి రెండుసార్లు లేచి, మేత తిని, నీరు త్రాగి, పెద్ద రెట్ట వేసి మరల పోయి కూర్చొనును. గుడ్డు అడ్డుపడిన పెట్ట మేత ముట్టదు. కన్నులు మూసి ముడుచుకొని యుండును. తోకను దించి పైకి క్రిందికి ఆడించుచు ముక్కును. లేపినచో కాళ్లు ఎడముగా పెట్టి నిక్కి నడచును. జుట్టు వన్నె తగ్గును. ఇట్టి పెట్ట ఒకటి రెండు దినములలోనే చనిపోవచ్చును.

అప్పుడు చేయవలసినది కష్టమైనది కాదు. చేతికి హాయిగా తోచునంత గోరువెచ్చని నీటిని వెడల్పు పాత్రలో పోసి, పెట్టను పొట్ట మునుగునట్లు పదిహేను, ఇరువది నిమిషములు నిలుపవలెను. తరువాత తడి పూర్తిగా ఒత్తి, గుద ద్వారము చుట్టును కొబ్బరినూనె రాసి, వెచ్చగను చీకటిగను నుండు గంపలో త్రాగు నీరు ఉంచి, అలజడి లేకుండ విడువవలెను. పొట్టను పిసికి గుడ్డును బలవంతముగా త్రోయరాదు. లోపల గుడ్డు పగిలినచో పెంకుముక్కలు గాయపరచి చీముపట్టును. కొన్ని గంటలలో గుడ్డు రాకున్నచో పశువైద్యుని కడకు తీసికొనిపోవలెను. పొదుగు మాన్పుటకని పెట్టను చన్నీట ముంచుట, ముక్కులో ఈక దూర్చుట కొన్ని గ్రామములందు కలదు. పొదుగు పెట్టకే అది హింస. గుడ్డు అడ్డుపడిన పెట్టకు ప్రాణాంతకము. పొదుగు మాన్పవలసినచో గాలి తగులు అడుగు గల పంజరములో మూడు నాలుగు దినములుంచి, మేత నీరు ఇచ్చిన చాలును.

గుడ్డు ఏల అడ్డుపడును? ఒక గుడ్డు తయారగుటకు రమారమి ఇరువదియైదు గంటలు పట్టును. అందు ఇరువది గంటలు పెంకు కట్టుటకే చెల్లును. ఒక్కొక్క పెంకునకు సుమారు రెండు గ్రాముల కాల్షియము కావలెను. కేవలము అన్నము మెతుకులు, నూకలు తిను పెట్టకు అది ఎక్కడి నుండి వచ్చును? తన ఎముకల నుండియే తీయును. అదియు తరిగినప్పుడు పెంకు మెత్తబడును, గుడ్డును త్రోయవలసిన కండరములు బలహీనపడును. పల్లెలో చెత్తకుప్పలు కెలికి పురుగులు, నత్తలు తిను కోడికి ఈ లోటు కొంత తీరును. సిమెంటు నేలపై కట్టివేసిన నగరపు కోడికి తీరదు; అది క్రొవ్వు కూడ పట్టును. ఆల్చిప్పల పొడి యైనను, కడిగి ఎండబెట్టి నలిపిన గుడ్డుపెంకులనైనను వేరొక చిప్పలో ఉంచినచో పెట్ట తనకు వలసినంత తినును. పెంకులను బాగుగా నలుపవలెను, లేకున్న గుడ్లు పొడిచి తిను అలవాటు పడును. వేసవిలో రొప్పు కోళ్లకు మేత బాగున్నను పెంకు పలుచనగును; నీడయు, చల్లని నీరును దానికి మందు.

ఇక గుడ్లు మానిన ప్రతి పెట్టయు రోగి కాదు. ఈకలు రాల్చు కాలమున మానును. మార్గశిర, పుష్య మాసములలో మన ప్రాంతమున పగలు పదకొండు గంటలకు కొంచెము మించి మాత్రమే యుండును గనుక తగ్గించును. నాటుపెట్ట ఏడాదికి యాబది, అరువది గుడ్లు పెట్టుట సహజము. అంతకు మించి కోరువారు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ వంటి రకమును పెంచుకొనవచ్చును. పెట్టను కోయుటకు ముందు గుద ద్వారమునకు ఇరుప్రక్కల నుండు ఎముకల నడుమ వేళ్లు పెట్టి చూడుడు. రెండు మూడు వ్రేళ్లు పట్టినచో అది గుడ్లు పెట్టుచున్నదే. పొదలలో ఎక్కడనో దాచుచుండును. అనేక కోళ్లు ఒక్కసారి మానివేసి, తోలుగుడ్లు, వంకరగుడ్లు పెట్టుచు గురక తీయుచున్నచో అది కొక్కెర తెగులు కావచ్చును. దానికి ముందుగా వేయించు టీకా తప్ప చికిత్స లేదు.

తెలుగు రాష్ట్రములు రెంటియందును 1962 సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమును గూర్చి తెలియును. పెట్టకు మందు వాడినప్పుడు, ఎన్ని దినముల వరకు దాని గుడ్లు తినరాదో వైద్యుని అడిగి తెలిసికొని, ఆ దినములలో వచ్చిన గుడ్లను పారవేయవలెను.