ఇంటి వడ్రంగిశాలలో బల్లరంపం: ప్రమాద కారణాలు, రక్షణ పద్ధతులు

ఉపోద్ఘాతం

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు ప్రాంతం మామిడి తోటలకు పేరుపొందినది. ముదిరి కాపు తగ్గిన చెట్లను తొలగించినప్పుడు, గాలివానకు పెద్ద కొమ్మలు విరిగినప్పుడు, గట్ల మీది వేప, తుమ్మ, టేకు కోతకు వచ్చినప్పుడు రైతుకు కలప అందుతుంది. దుంగలను కోతమిల్లులో పలకలుగా కోయించినా, ఆ పలకలను తలుపు చట్రాలుగా, పశువుల కొట్టపు పట్టీలుగా, పండ్ల పెట్టెలుగా, తేనెటీగల పెట్టెలుగా మలచుకొనే పని చాలావరకు ఇంటి వద్దనే సాగుతుంది. ఈ పనిలో చేతిరంపం స్థానాన్ని విద్యుత్ బల్లరంపం క్రమంగా ఆక్రమిస్తున్నది. ట్రాక్టరు, నూర్పిడి యంత్రం, చాఫ్ కట్టర్ల భద్రత గురించి విస్తరణ శిక్షణలలో బోధిస్తున్నాము. ఇంటి పంచలోని బల్లరంపానికి మాత్రం అంతటి ప్రాధాన్యం దక్కలేదు. ఇది ఎలా గాయపరుస్తుందో, ఆ గాయాన్ని ఎలా నివారించవచ్చునో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నూర్పిడి యంత్రం నేర్పిన పాఠం

హరిత విప్లవం తరువాత ఉత్తర భారతంలో విద్యుత్ నూర్పిడి యంత్రాలు విస్తరించిన కొలదీ, పంట అందిస్తూ చేతులు పోగొట్టుకున్న కూలీల సంఖ్య పెరిగింది. ఫలితంగా 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. భారతీయ ప్రమాణాలు నూర్పిడి యంత్రానికి పొడవైన, పైన కొంత మేర మూత గల పంట అందించే తొట్టిని నిర్దేశించాయి. మనిషి ఏమరపాటున ఉన్నా చేయి డ్రమ్ము వరకు చేరకుండా ఆ దూరమే అడ్డుకొంటుంది. జాగ్రత్తను మనిషి బుద్ధికి మాత్రమే వదలక యంత్ర నిర్మాణంలోనే చేర్చడం ఇందులోని సూత్రం.

బల్లరంపానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఇంట్లో దానిని అమలు జరిపించేవారు ఉండరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ విభాగం యంత్రాల ప్రమాదకర భాగాలకు రక్షణ కవచం అమర్చవలసిన బాధ్యతను యజమానిపై ఉంచింది. కానీ విద్యుత్తు వాడే చోట పదిమంది లేదా అంతకు మించి పనివారు ఉన్న స్థలాలనే ఆ చట్టం ఫ్యాక్టరీలుగా నిర్వచించింది. ఇంటి పంచలో యజమాని, పనివాడు, తనిఖీదారు ముగ్గురూ రైతే.

గాయం ఎలా అవుతుంది?

పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 సార్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 53 మీటర్లు, అనగా గంటకు 190 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. 40 పళ్ళ బ్లేడు అయితే సెకనుకు 2,600కు పైగా పళ్ళు ఒక బిందువును దాటిపోతాయి. ప్రమాదాన్ని గ్రహించి చేయి వెనక్కు తీయడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. ఆలోగా 600కు పైగా పళ్ళు వేలిని తాకుతాయి. కనుక ‘తగలగానే చేయి తీసేస్తాను’ అనే ధీమాకు ఆధారం లేదు.

చేయి బ్లేడు దాకా పోవడానికి ముఖ్య కారణం కర్ర వెనక్కు తన్నడం. దీనిని ఈ వ్యాసంలో ఎదురుతన్ను అంటున్నాము. బ్లేడు ముందుభాగపు పళ్ళు కిందికి దిగుతూ కర్రను బల్లకు అదుముతాయి. వెనుకభాగపు పళ్ళు పైకి లేస్తుంటాయి. కోసిన కర్ర వంకరపోయి ఈ వెనుక పళ్ళకు తగిలినా, బ్లేడుకూ గైడు పట్టీకీ మధ్య ఇరుక్కున్నా, పళ్ళు దానిని పైకెత్తి పనిచేసేవాని వైపు విసురుతాయి. కర్ర పొట్టకో ముఖానికో తగలడం ఒక అపాయం. అప్పటివరకు కర్రను నెడుతున్న చేతికి ఆధారం హఠాత్తుగా తొలగి, అది బ్లేడు మీదకు జారడం అంతకంటె పెద్ద అపాయం. అనుభవజ్ఞులైన వడ్రంగులు సైతం గాయపడడానికి ఇదొక ముఖ్య కారణం.

మన కలపతో పెరిగే అపాయం

పుస్తకాలలోని సూచనలు ఎక్కువగా ఆరబెట్టి చదును చేసిన కలపను దృష్టిలో ఉంచుకొన్నవి. మన రైతు చేతికి వచ్చే కలప అటువంటిది కాదు.

పచ్చి మామిడి చెక్క ఆరే కొద్దీ మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన పలక బల్ల మీద ఊగుతుంది, కోత మధ్యలో బ్లేడును పట్టివేస్తుంది. జామాయిల్ కాండంలో పెరుగుదల వల్ల ఏర్పడిన అంతర్గత ఒత్తిడి ఎక్కువ. నిలువుకోత సాగుతుండగానే రెండు ముక్కలు విల్లులా వంగి, గాడి మూసుకుపోవచ్చు. తుమ్మ గట్టిది, ముడులు ఎక్కువ. ముడి వద్ద బ్లేడు నెమ్మదించగానే మనిషి బలంగా నెడతాడు. ముడి దాటిన మరుక్షణం కర్రతోపాటు చేయి ముందుకు దూకుతుంది. గట్ల మీది చెట్లలో ముళ్లతీగ కోసం కొట్టిన మేకులు ఏళ్ల తరబడి లోపల దాగి ఉంటాయి. కార్బైడ్ పన్ను మేకుకు తగిలి విరిగితే తూటాలా ఎగురుతుంది.

కాబట్టి భద్రత కోతకు ముందే మొదలు కావాలి. పలకలను మధ్యమధ్య పట్టీలు పెట్టి నీడలో పేర్చి ఆరనివ్వాలి. ఒక ముఖాన్ని, ఒక అంచును చిత్రిక పట్టి తిన్నగా చేయాలి. చదునైన ముఖం బల్లకు, తిన్నని అంచు గైడుకు ఆనాలి. పాత కలపలోని మేకులను అయస్కాంతంతో వెదికి తీసివేయాలి.

యంత్రంలో తప్పక ఉండవలసినవి

1. రివింగ్ నైఫ్: బ్లేడు వెనుక, దానితో ఒకే వరుసలో నిలిచే ఉక్కు పలక. ఇది గాడిని మూసుకుపోనివ్వదు, కర్రను వెనుక పళ్ళకు తగలనివ్వదు. దీని మందం బ్లేడు రేకు కంటె ఎక్కువగా, పళ్ళు చేసే గాడి కంటె తక్కువగా ఉండాలి. ఎదురుతన్నును నివారించడంలో దీని స్థానం ప్రథమం.

2. పై మూత: బ్లేడును కప్పి ఉంచే కవచం. కోత గీత కనబడడం లేదని దీనిని తీసివేయడం తరచు జరిగే తప్పు.

3. గైడు పట్టీ: బ్లేడుకు సమాంతరంగా గట్టిగా బిగిసి ఉండాలి. దాని వెనుక కొన బ్లేడు వైపు కొద్దిగా వాలినా కర్ర ఇరుక్కుంటుంది.

4. తోపుడు కర్ర: చివర గాడి గల ప్లైవుడ్ ముక్క. ఇంట్లోనే రెండు మూడు చేసి బల్లకు వేలాడదీయాలి. చేయి బ్లేడుకు 150 మిల్లీమీటర్ల లోపుకు పోవలసి వస్తే ఇది చేతిలో ఉండాలి.

5. స్విచ్చు: బల్ల ముందు మోకాలితో నొక్కి ఆపగలిగేలా ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను తిరగరాదు. బోరు మోటారుకు రైతు ఆటో స్టార్టరు పెట్టుకొంటాడు; రంపానికి దానికి పూర్తిగా వ్యతిరేకమైన నో-వోల్ట్ స్విచ్చు కావాలి. ఎర్త్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సిసిబి తప్పనిసరి.

చర్మం తగిలిన వెంటనే సుమారు 5 మిల్లీసెకన్లలో బ్లేడును నిలిపివేసే రంపాన్ని అమెరికాలో స్టీఫెన్ గ్యాస్ 1999లో రూపొందించారు. అయితే బాగా తడిగా ఉన్న కర్ర తగిలినా అది ఆగిపోగలదు, ఎదురుతన్నును అది నివారించదు. కనుక రివింగ్ నైఫ్ అవసరం అక్కడ కూడా తప్పదు.

తిరగేసిన కట్టరు

ఖర్చు తగ్గుతుందని బండలు కోసే మార్బుల్ కట్టరును బల్ల కింద తలకిందులుగా బిగించి, పళ్ళ బ్లేడు వేయడం గ్రామాలలో చూస్తుంటాము. ఇటువంటి కట్టర్లు నిమిషానికి 12,000 సార్లకు పైగా తిరుగుతాయి; 110 మిల్లీమీటర్ల బ్లేడు అంచు వేగం గంటకు 250 కిలోమీటర్లకు చేరుతుంది. దీనికి రివింగ్ నైఫ్, పై మూత ఉండవు. స్విచ్చు బల్ల కింద నొక్కి ఉంచబడుతుంది. కర్ర ఇరుక్కున్నప్పుడు ఒక చేత్తో దానిని పట్టుకొని మరొక చేత్తో కింద వెదకవలసి వస్తుంది. బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగం యంత్ర వేగం కంటె తక్కువైతే బ్లేడే పగిలిపోవచ్చు. ఈ అమరికకు సురక్షిత పద్ధతి అంటూ లేదు. వద్దని స్పష్టంగా చెప్పడమే సరైన సలహా.

పని చేసే పద్ధతి

బ్లేడు పళ్ళు కర్రకు పైన కొద్దిగా మాత్రమే కనబడేలా ఎత్తు అమర్చాలి. బ్లేడుకు సూటిగా నిలబడక కొంచెం పక్కకు నిలబడాలి. నిలువుకోతకు గైడును, అడ్డకోతకు మైటర్ గేజిని వాడాలి. తెగిపోయే ముక్క ఇరుక్కునేలా రెండింటినీ కలిపి వాడరాదు. ఆధారం లేకుండా ఉత్త చేతులతో కోయరాదు. 300 మిల్లీమీటర్ల కంటె పొట్టి ముక్కలను చేతిరంపంతో కోయడం మేలు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి వంటి మెత్తని కర్రకైనా ఇదే నియమం. బ్లేడు పూర్తిగా ఆగేవరకు ముక్కలను తీయరాదు. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకాలి.

లుంగీ, కండువా, వేలాడే కొంగు, గాజులు, చేతి దారాలు ఉండరాదు. చేతి తొడుగులు రక్షణ కావు. పళ్ళు తొడుగును పట్టి చేతిని లాక్కొంటాయి. కంటి అద్దాలు, చెవి రక్షణ, మాస్కు అవసరం. చెక్క పొట్టును అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ కాన్సర్ కారకంగా వర్గీకరించింది.

గాయమైనప్పుడు

శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి ఉంచి, 108కు ఫోను చేయాలి. తెగిన వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో మూసి, ఆ సంచిని మంచునీటిలో ఉంచాలి. వేలిని నేరుగా మంచులో పెడితే కణజాలం దెబ్బతింటుంది. తిరువూరు నుండి విజయవాడకు ప్రయాణమే గంటకు పైగా పడుతుంది కనుక ఈ విషయం ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

ప్లగ్గు తీసిన రంపం మీద ప్రదర్శన ప్రారంభించాలి. ఎదురుతన్ను దిశను నేలపై సుద్దతో గీసి చూపాలి. ప్రతి శిక్షణార్థి తన తోపుడు కర్రను తానే చేసుకొని ఇంటికి తీసుకుపోవాలి. రైతు ఇంటికి వెళ్లినప్పుడు ‘జాగ్రత్తగా ఉంటున్నారా’ అని అడగడం కంటె, బ్లేడు వెనుక ఉక్కు పలక ఉన్నదా, కరెంటు వచ్చినప్పుడు యంత్రం దానంతట అది తిరుగుతున్నదా అని పరిశీలించడం ప్రయోజనకరం.

ముగింపు

అలసట, తొందర, అలవాటు ప్రతి మనిషిలోనూ ఉంటాయి. అంట్లు కట్టే చేయి, పాలు పితికే చేయి, ఇంటిని పోషించే చేయి ఒకటే. ఆ చేతికీ పళ్ళకూ మధ్య ఉండవలసిన దూరాన్ని జ్ఞాపకశక్తికి విడిచిపెట్టక, యంత్రంలోనే స్థిరపరచడం బల్లరంపం భద్రతకు మూలసూత్రం.