కొండ కొలువుకు వస్తున్న పిల్లలకు

పాడేరు ఏజెన్సీలో ఏఎన్ఎంగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. కొత్తగా పోస్టింగులు వచ్చిన ఆడపిల్లలు ఇంటికొచ్చి "ఏం తెలుసుకోవాలమ్మా?" అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పే మాటలే ఇవి.

1. ముందు నడక లెక్క రాసుకోండి. మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటరైతే, కొండల్లో 3,000 మందికే ఒకటి. కాగితం మీద మన పని తేలికనిపిస్తుంది. కానీ ఆ 3,000 మందీ గెడ్డలకు అటూ ఇటూ, పదులకొద్దీ గూడేల్లో చెదిరి ఉంటారు. బండి దిగాక ఒక్కో గూడేనికి ఎంతసేపు నడవాలి, ఏ గెడ్డ పొంగితే ఏ ఊరికి దారి ఉండదు, ఫోను సిగ్నలు ఏ గుట్ట మీద అందుతుంది, అన్నీ ఒక పుస్తకంలో పెట్టుకోండి. నా దృష్టిలో మిగతా రిజిస్టర్లన్నీ దీని తర్వాతే.

2. కాన్పు మాట ఏడో నెలలోనే ఎత్తండి. నొప్పులు మొదలయ్యాక ఫోను చేస్తే 108 రోడ్డున్నంత వరకే వస్తుంది. అక్కడిదాకా డోలీ మొయ్యాలి. మోసే మగవాళ్ళు పోడుకో, దూరం కూలికో పోయి ఉంటే? కాన్పయ్యాక రక్తం ఆగకపోతే రెండు గంటల్లోపే ప్రాణం పోవచ్చు. రక్తం 7 గ్రాముల లోపున్న తల్లిని, ముందు కాన్పు ఆపరేషనైన తల్లిని, కవలలున్న తల్లిని తేదీకి ముందే కిందికి దించాలి. గర్భిణుల వసతి గృహం ఉంటే అందులో చేర్చండి.

"వస్తాను గానీ మేకల్ని ఎవరు తోల్తారమ్మా?" అంటుంది ఆ తల్లి. సాకని కొట్టెయ్యకండి. ఇంట్లో పిల్లలకు అంబలి కాచేదెవరు, మేకల వెంట పోయేదెవరు అన్నది ఆమె అత్తతో, ఆడపడుచుతో కూర్చుని తేల్చండి. అది తేలాక బతిమాలే పని ఉండదు, తనే మూట కట్టుకుంటుంది. ఆస్పత్రి గురించి ఎంత చెప్పినా కదలనివాళ్ళు ఈ ఒక్క ఏర్పాటుతో కదలడం చూశాను.

3. జ్వరమంటే వెంటనే మలేరియా రక్తపరీక్ష. కిట్టు మీద పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. ఫాల్సిపారమైతే మొదటి మోతాదు మీ ఎదుటే మింగించండి. జ్వరం తగ్గగానే మిగిలిన మాత్రలు ఇంకొకరికని దాచేస్తారు, అందుకని మూడు రోజులూ ఆశా వెళ్ళి చూడాలి. గర్భిణికీ, ఏడాది నిండని బిడ్డకూ ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. దోమల మందు కొట్టేటప్పుడు దేవుడి మూలకు రానివ్వకపోతే పంతానికి పోవద్దు. పడుకునేచోట కొట్టనివ్వమని అడగండి.

4. వారపు సంతను వదలకండి. ఇంటికెళ్తే దొరకని బాలింత అక్కడ దొరుకుతుంది. సంతకు తీసుకెళ్ళే టీకాల పెట్టెలో ఐసుప్యాకులు కాస్త చెమర్చాకే పెట్టండి, గడ్డకట్టిన పెంటావాలెంట్ పనికిరాదు. కలిపిన ఎంఆర్ టీకా 4 గంటలు దాటితే పారెయ్యాల్సిందే.

5. గూడెంలో పూజలు చేసే దిశారిని గౌరవించండి. జబ్బు చేస్తే మొదటి కబురు ఆయనకే. "మీ పూజ మీరు చెయ్యండి, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఎగబోసినా, రక్తం పోతున్నా మాత్రం వెంటనే మాకు పంపండి బాబూ" అని చెప్పి పెట్టుకోండి.

6. గూడేల్లో మాట్లాడే కువి భాష నేర్చుకోండి. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళుగా, బిడ్డ పాలు తాగుతోందా అని అడగగలిగితే చాలు. మిగతాది వాళ్ళే చెబుతారు.

7. మనకు బదిలీలుంటాయి, ఆశా అక్కడే ఉంటుంది. ఆమెను ఊరి ముందు మందలించకండి. వానలు పడకముందే, మే నెలాఖరుకల్లా జ్వరం కిట్లు, మాత్రలు, ఓఆర్‌ఎస్, జింకు ఆమె ఇంటికి చేర్చండి. గెడ్డ పొంగాక ఆ ఊరికి దవాఖానా ఆమె ఇల్లే.

8. ఎంత నడిచినా రోడ్డు లోటు మనం తీర్చలేం. డోలీ కట్టిన ప్రతిసారీ ఊరు, తేదీ, మోసిన దూరం, తల్లీబిడ్డల పరిస్థితి రాసి, పీహెచ్‌సీ డాక్టరుగారి సంతకంతో ఐటీడీఏకు పంపండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. జవాబు రాకపోతే మళ్ళీ పంపండి.