నాముజొన్నయు, ఇంటిచెంతనుండు విషపు మొక్కలును

విషపు మొక్కలన్నచో అడవులయందును గుట్టలయందును ఉండునవని పలువురు తలంతురు. కాని రైతు తన చేతులార విత్తి పెంచు పైరులలోనే పశువుల ప్రాణములు తీయగల విషము గలదు. జొన్న యిందులకు మొదటి నిదర్శనము.

జొన్న మోకాలియెత్తునకు మించక లేతగా నున్నప్పుడును, వానలు వెనుదీసి పైరు గిడసబారినప్పుడును, కోసిన కొయ్యకాళ్ళనుండి క్రొత్త పిలకలు వెడలినప్పుడును దానియందొక పదార్థము హెచ్చుగా నుండును. పశువు మేసినంతనే అది హైడ్రోసయానిక్ ఆమ్లమను తీవ్రవిషముగా మారును. రైతులు నామని చెప్పునది ఇదియే. బెట్టపిమ్మట వాన కురిసి లేచిన పచ్చని పిలకలు కంటికి ఇంపుగా నుండును. అపాయము మిక్కుటముగా నుండునదియు అప్పుడే. ఆకలిగొన్న మందను అట్టి చేనిలోనికి తోలుట ఎంతమాత్రము తగదు.

నాము తగిలిన పశువు వడివడిగా ఊపిరి తీయుచు, తూలుచు, నోట చొంగ కార్చుచు నేలబడి కొట్టుకొనును. కొన్ని నిమిషములలోనే చచ్చుటయు గలదు. అయినను దీనికి విరుగుడు లేకపోలేదు. సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు అను మందులను పశువైద్యుడు నరమునకు సూదివేసి ఎక్కించును. కావున కబురంపుటలో జాగు చేయరాదు. ఊపిరాడని పశువునకు గొట్టముతో బెల్లపు నీళ్ళు పోయుట మంచిది కాదు. అవి ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. మిగిలిన మందను తక్షణము చేనినుండి మరల్పవలెను. పూత వచ్చిన పిమ్మట కోసిన జొన్నయందును, బాగుగా ఎండిన చొప్పయందును ఈ భయము చాలవరకు తగ్గును.

ఆముదము తెలంగాణమున నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములకు చిరకాలముగా తెలిసిన పైరు. దాని గింజలోని రిసిన్ అను విషము నూనెలో కరగదు. గానుగాడిన పిమ్మట పిండిలోనే నిలుచును. అందుచేత ఆముదపు పిండి పొలమునకు ఎరువేగాని పశువునకు దాణా కాదు. వేరుసెనగ పిండి బస్తాల సరసనే దీనిని పెట్టు నలవాటు కొన్ని యిండ్లలో గలదు; చీకటిలో దాణా కలుపు పాలేరునకు రెండును ఒకటిగనే కానవచ్చును. దీనిని వేఱు కొట్టమున నుంచుట యుక్తము. ఆరబోసిన గింజలతో పిల్లలను ఆడుకొననీయరాదు. పగులని గింజకంటె నమిలిన గింజ మిక్కిలి ప్రమాదకరము.

జొన్నవలె గన్నేరు ఎండినంతమాత్రమున విషము పోగొట్టుకొనదు. కంచెకు కొట్టిన కొమ్మలు వాడి చేదు తగ్గినప్పుడు పశువులు తినును గనుక, వానిని గట్టున విడువక పూడ్చవలెను. పచ్చగన్నేరు గింజ గుండె నడకను తారుమారు చేయును. పెంటకుప్పలపై మొలచు ఉమ్మెత్తను కాయ పగులకమునుపే పెరికివేయవలెను. విత్తులు ధాన్యమున కలిసినచో తిన్నవారికి నోరెండి, మతి చలించును. జిల్లేటిపాలు కంటబడినచో మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునికి చూపవలెను.

పిల్లవాడు విషపు గింజ తినినట్లు అనుమానము కలిగినప్పుడు ఉప్పునీళ్ళు త్రాగించి వాంతి చేయించుట పూర్వపు అలవాటు. ఇప్పుడు వైద్యులు దానిని కూడదనుచున్నారు. నోటిలో మిగిలిన తునకలను తీసివేసి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఆముదము, పచ్చగన్నేరు తినిన కొన్ని గంటలకుగాని లక్షణములు కనబడకపోవచ్చును. బిడ్డ ఆడుకొనుచున్నాడని యింట నిలుపుకొనరాదు. తిన్న మొక్క రెమ్మనో కాయనో వెంట గొనిపోయినచో వైద్యునికి విషము పోల్చుకొనుట సులభమగును.